అంగీ, చొక్కాయి, నిలువుటంగీ: బైబిలులో ఒక వస్త్రనామపు పుట్టుక, దాని ప్రయాణము

ఆదికాండము 3:21లో దేవుడు ఆదామునకును అతని భార్యకును తొడిగించిన చర్మపు ఉడుపును మన వాడుక బైబిలు చొక్కాయి అని పిలిచినది. అదే గ్రంథము 37వ అధ్యాయములో యాకోబు తన ముద్దుబిడ్డకు కుట్టించినది నిలువుటంగీ. రెండవ సమూయేలు 13వ అధ్యాయములో దావీదు కుమార్తె తామారు ధరించినది చీర. ఎజ్రా 2:69లో ఆలయపు పనికొరకు ఇచ్చిన కానుకలలో యాజకులవి నూరు వస్త్రములున్నవి. తెలుగు చదువరికి ఇవి నాలుగు వేరువేరు బట్టలుగా కనబడును. హెబ్రీ మూలములో మాత్రము నాలుగు చోట్లను ఒకే మాట ఉన్నది. ఆ మాట కుత్తోనెత్. పాత నిబంధనలో ఇది 29 మారులు కనబడును.

క్రొత్త నిబంధనలో మనము అంగీ అని చదువుచున్నదానికి గ్రీకు మాట ఖితోన్. ఇది 11 మారులు వచ్చును. కుత్తోనెత్, ఖితోన్ అను ఈ రెండు మాటలను ఒకసారి పైకి పలికి చూచినయెడల వాటి చుట్టరికము చెవికే తెలియును. ఇవి పోలికవలన కలిగిన భ్రమ కాదు. నిజముగా ఒకే కుటుంబములోని మాటలు. ఈ పేరు ఎక్కడ పుట్టినది, ఎట్లు ప్రయాణము చేసినది అనునది ఈ వ్యాసములో మొదటి విషయము. ఆ సంగతి తెలిసినందువలన ప్రసంగపీఠము మీద నిలుచువానికి ఏమి ప్రయోజనము, ఎక్కడ ప్రమాదము అనునది రెండవ విషయము. నా దృష్టిలో రెండవదే ముఖ్యమైనది.

నారనుండి పుట్టిన పేరు

మెసొపొతమియలో అక్కదు భాష మాటలాడినవారు అవిసె నారను, దానితో నేసిన బట్టను కితూ అనిరి. వారికంటె ముందు ఆ దేశములో ఉన్న సుమేరియుల మాట గద. కితూ దానినుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. ఇక్కడ అవిసె అనగా మన అంగళ్లలో అవిసె గింజలుగా దొరకు గింజలనిచ్చు మొక్క. దాని కాడలను నానబెట్టి, ఎండబెట్టి, దంచి నార తీయుదురు. రాహాబు తన మిద్దెమీద వేగులవారిని దాచినది ఈ కాడల రాశిలోనే (యెహోషువ 2:6). మన బైబిలు దానిని జనుపకట్టె అనినది. మన పొలములలోని జనుము వేరు మొక్క, అయితే నార తీయు పద్ధతి తెలిసిన రైతుకు ఆ దృశ్యము వెంటనే అర్థమగును.

ఉత్తర సిరియా తీరమున ఉగరీతు పట్టణపు మట్టి పలకలలో క-త-న అను హల్లులతో ఒక వస్త్రము పేరున్నది. అరామిక్కులో నారకు కిత్తాన్ అను మాటయున్నది. అరబీలో నేటికిని నారబట్ట కత్తానే. వింత ఏమనగా, హెబ్రీ బైబిలులో ఆ మొక్కకు, ఆ నారకు వాడిన మాట పిష్తా. యాజకుల సన్ననారకు షేష్, బూస్, బద్ అను మాటలున్నవి. క-త-న అను మాట నారను వదలి బట్ట పేరుగా మాత్రమే హెబ్రీలో నిలిచిపోయినది.

ఈ సంగతిని మొదట వ్రాసిపెట్టినది నేటి భాషాశాస్త్రజ్ఞులు కాదు. మొదటి శతాబ్దములో యోసేఫస్ తన యూదుల పురాతన చరిత్ర మూడవ గ్రంథములో యాజకుల దుస్తులను వర్ణించుచు, లోపలి నార అంగీ పేరు నారకు తమ వారు వాడు మాటనుండి వచ్చినదని గ్రీకు చదువరులకు వివరించెను. అతడు యాజక కుటుంబములో పుట్టినవాడు గనుక ఆ బట్టలను ఎరిగి వ్రాసినవాడు.

గ్రీకులకు ఈ పేరు ఎప్పుడు చేరినది? యెహెజ్కేలు 27వ అధ్యాయములో తూరు పట్టణపు వర్తకమును గూర్చిన పట్టికను చదివినవారికి మార్గము తెలియును. ఓడలమీద సరుకు పోయినచోటికి సరుకు పేరు కూడ పోవును. క్రేతు ద్వీపములో క్నోసోసు రాజగృహపు మట్టి పలకలమీద కి-తో అని వ్రాయబడియున్నది. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివి, ఆ భాష గ్రీకే అని తేల్చెను. అనగా క్రీస్తుకు వెయ్యి సంవత్సరములకంటె ఎంతో ముందే గ్రీకులు ఈ తూర్పుదేశపు మాటను తమదిగా చేసికొనిరి. లాటిను తునికా కూడ ఈ వంశములోనిదే అని, మొదటి హల్లులు తారుమారైనవని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. ఇంగ్లీషులోని ట్యూనిక్ దానినుండి వచ్చినది.

హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి మార్చిన సెప్టువజింతు పండితులు కుత్తోనెత్ ఉన్నచోట సహజముగానే ఖితోన్ అని వ్రాసిరి. వారికి అది అనువాదము. చరిత్రలో చూచినయెడల ఆ మాట తన బంధువును కలిసికొన్నది. తరువాత సువార్తలను సిరియా భాషలోనికి మార్చినవారు సిలువయొద్ద సైనికులు చీట్లు వేసిన ఆ ఖితోన్‌ను కుత్తీనా అనిరి. పడమటికి వెళ్లిన మాటకు తూర్పున మిగిలిన తోబుట్టువు ఎదురైనది.

ఒక హెచ్చరిక. కుత్తోనెత్ అనునది ఇంగ్లీషు కాటన్‌కు మూలమని, కాబట్టి యోసేపు వేసికొన్నది నూలుబట్ట అని కొందరు ప్రసంగించుట విన్నాను. కాటన్ అను మాట అరబీ ఖుత్న్ నుండి వచ్చినది. అరబీలో నారకు కత్తాన్ వేరుగా, ప్రత్తికి ఖుత్న్ వేరుగా ఉన్నవి; హల్లులు కూడ వేరు. బైబిలులో ప్రత్తిని చూడగోరువారు ఎస్తేరు 1:6 చూడవలెను. షూషను కోటలో వ్రేలాడిన తెరలలో ఒకదానికి అక్కడ కర్పస్ అను పేరున్నది. అది మన సంస్కృత కార్పాసమే. పారసీకుల ద్వారా హెబ్రీలోనికి చేరిన మన దేశపు మాట.

మన మాటల సంగతి

హెబ్రీ మాట బట్ట దేనితో చేయబడినదో చెప్పుచున్నది. మన అంగీ అది ఎక్కడ ఉండునో చెప్పుచున్నది. సంస్కృతములో అంగము అనగా శరీరము, అవయవము. అంగమును కప్పునది అంగిక, అంగీ. కన్నడములో, మరాఠీలో, తమిళములో కూడ ఈ మాట చిన్న మార్పులతో ఉన్నది. అంగరఖా కూడ అంగమును రక్షించునదే. చొక్కాయి వేరు దారిన వచ్చినది. పొడవైన పైదుస్తుకు హిందూస్తానీలో ఉన్న చోగా అను మాటతో దానిని చేర్చి చెప్పుట వాడుక. ఇంగ్లీషు షర్ట్ పొట్టిగా కత్తిరించినది అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. నారనుబట్టి ఒక జాతి, ఒంటినిబట్టి ఒక జాతి, కత్తెరనుబట్టి మరియొక జాతి పేరు పెట్టుకొనెను.

తెలుగు అనువాదకులు ఈ రెండు మాటలను నియమముగా పంచుకొనలేదు. నిర్గమకాండము 28:4లో ప్రధానయాజకుని దుస్తుల పట్టికను చూడుడి. అక్కడ నిలువుటంగి అనబడినది హెబ్రీలో మెయీల్ అను పైదుస్తు. కుత్తోనెత్ అక్కడ చొక్కాయి అయినది. ఆదికాండము 37లో కుత్తోనెతే నిలువుటంగీ అయినది. ఒక తెలుగు మాట రెండు హెబ్రీ మాటలకు, ఒక హెబ్రీ మాట రెండు తెలుగు మాటలకు వాడబడినవి. తెలుగు మాటనుబట్టి మాత్రమే సమానవాక్యములు వెదకువారు ఇక్కడ దారి తప్పుదురు. యోసేపు నిలువుటంగీని అహరోను నిలువుటంగితో ముడిపెట్టి చేసిన ప్రసంగము ఎంత హృదయమును తాకినను, దాని పునాది అనువాదకుని కలములోనే ఉన్నది, లేఖనములో లేదు.

యోసేపు, తామారు

దీనికి వ్యతిరేకముగా, లేఖనములో నిజముగా ఉన్న ముడి తెలుగులో విడిపోయినచోటు ఒకటి ఉన్నది. యోసేపు ధరించినదానికి హెబ్రీలో కెతోనెత్ పస్సీమ్ అని పేరు. ఈ జంటపదము హెబ్రీ బైబిలులో ఇద్దరి విషయములోనే వాడబడినది. ఒకడు యోసేపు, రెండవది తామారు (2 సమూ. 13:18-19). తెలుగులో అతనిది నిలువుటంగీ, ఆమెది చీర. అనువాదకులను తప్పుపట్టుటకు నాకు మనస్సు రాదు. రాజకుమార్తెకు అంగీ తొడిగినయెడల ఆ కాలపు తెలుగు చదువరి నవ్వియుండును. అయినను చీర అనిన వెంటనే యోసేపు మన కన్నులకు మరుగైపోయెను.

పస్సీమ్ అర్థము వివాదాస్పదము. సెప్టువజింతు ఆదికాండములో దీనిని పలు వన్నెలది అని మార్చినది. తామారు దగ్గరకు వచ్చునప్పటికి మణికట్టు వరకు చేతులున్నది అను అర్థమిచ్చు మాట వాడినది. దానియేలు 5వ అధ్యాయములో గోడమీద వ్రాసిన చేతిని వర్ణించుచోట అరామిక్కు మాట పస్. కాబట్టి అరచేతులవరకు, అరికాళ్లవరకు దిగు పొడవైన దుస్తు అనువారు చాలామంది. మన తెలుగువారు రెంటిని కలిపి ఒకేచోట పెట్టినట్లు కనబడును. నిలువు అనుటలో పొడవు వచ్చెను, దానికి ముందు పెట్టిన విచిత్రమైన అను విశేషణములో రంగులు వచ్చెను. విచిత్రము అనగా సంస్కృతములో పలు వర్ణములు కలది. నేటి యౌవనులు ఆ మాట వినగానే వింతయైనది, నవ్వు పుట్టించునది అనుకొందురు. ఆదివార పాఠశాలలో ఈ ఒక్క మాట విడమరచి చెప్పుట మేలు.

చేతులు కప్పు పొడవైన దుస్తు వేసికొన్నవాడు పొలములో వంగి పనిచేయువాడు కాడు. అన్నలకు కోపము పుట్టించినది రంగులకంటె ఆ హోదాయే కావచ్చును. ఇప్పుడు రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. తండ్రి పంపగా యోసేపు అన్నలయొద్దకు వెళ్లెను. తండ్రి పంపగా తామారు అన్నయొద్దకు వెళ్లెను. అతని కుత్తోనెత్‌ను అన్నలు ఒలిచివేసిరి. ఆమె తన కుత్తోనెత్‌ను తానే చింపుకొనెను. యాకోబు నెత్తురులో ముంచిన ఆ బట్టను చూచి ఓదార్పు పొందనొల్లక ఏడ్చెను. దావీదు కోపపడెను, అంతకుమించి ఏమియు చేయలేదు. యోసేపు కథకు ఐగుప్తు, రాజగృహము, సమాధానము ఉన్నవి. తామారు అబ్షాలోము ఇంట ఒంటరిగా మిగిలిపోయెను. యోసేపు మీద ప్రతి సంవత్సరము ప్రసంగించు మనము తామారు మీద ఎన్ని మారులు ప్రసంగించితిమి? ఒకే వస్త్రనామము వారిద్దరిని ఒకే కుటుంబహింసకు గురియైనవారిగా మనయెదుట నిలుపుచున్నది. ఆ వాక్యమును చదువునప్పుడు చీర అనునది యోసేపు అంగీయే అని సంఘమునకు చెప్పుట కాపరి బాధ్యత.

పుట్టుక అర్థమును శాసించదు

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక ఆలోచన వచ్చియుండును. ఖితోన్ నారనుండి పుట్టిన మాట. నార యాజకుల దుస్తు. యోహాను 19:23లో యేసు ప్రభువుది కుట్టులేని ఖితోన్. కాబట్టి ఆయన నార ధరించిన ప్రధానయాజకుడు. ఈ మెట్లు ఎక్కుట సులభము. అయితే మొదటి మెట్టే నిలువదు.

మనము స్టీలు గ్లాసులో మంచినీళ్లు త్రాగుదుము. గ్లాసు అనగా గాజు. స్టీలు గ్లాసు అన్నప్పుడు గాజు ఎవరికిని జ్ఞాపకము రాదు. ఆ మాట ఇప్పుడు పాత్ర ఆకారమునకు పేరు. కుత్తోనెత్‌కు కూడ అదే జరిగినది. దానికి సాక్ష్యము బైబిలు మూడవ అధ్యాయములోనే ఉన్నది. ఆదాము ధరించిన కుత్తోనెత్ చర్మముతో చేసినది. మాటలో నార మిగిలియుండినయెడల చర్మపు కుత్తోనెత్ అనుట కుదరదు. క్రొత్త నిబంధన కాలము వచ్చుసరికి ఖితోన్ ఏ నూలుతోనైనను నేసిన లోపలి అంగీ. యూదా ఎడారిలో ఉత్తరముల గుహ అను పేరు పొందిన గుహలో 1960-61లో యిగాయేల్ యాదిన్ జరిపిన త్రవ్వకములలో దొరికిన అంగీలు గొఱ్ఱెబొచ్చువి. రెండు ముక్కలను భుజములయొద్ద కలిపి కుట్టినవి. అవి రెండవ శతాబ్దపు యూదులవి. ఈ కుట్టును చూచిన తరువాత, యోహాను కుట్టులేదని ప్రత్యేకముగా చెప్పుటలో ఉన్న విషయము తెలియును. పంచుకొనదగిన ముక్కలు దానికి లేవు. చింపినయెడల ఎవరికిని పనికిరాదు. సైనికులు చీట్లు వేయుటకు యోహాను చూపిన కారణము అదే, దానివలన నెరవేరిన లేఖనము 22వ కీర్తనలోనిది.

ప్రధానయాజకుని దుస్తు ఒకే నేతగా ఉండెనని యోసేఫస్ చెప్పిన మాట నిజమే. అతడు చెప్పినది లోపలి కుత్తోనెత్‌ను గూర్చి కాదు, నీలి పైదుస్తును గూర్చి. యోహాను మనస్సులో యాజకత్వము ఉండెనా లేదా అని వాదించువారు వాదించవచ్చును. ఆయన యాజకుడని ప్రకటించుటకు హెబ్రీ పత్రిక ఉండగా ఒక మాట పుట్టుకను ఆధారముగా తెచ్చుకొన అక్కరలేదు. 1961లో జేమ్స్ బార్ బైబిలు భాషను గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ దోషమునే ఖండించెను. ఒక మాట ఒకప్పుడు ఏమి చెప్పెనో ప్రతిచోటను అదే చెప్పునని అనుకొనుట దోషమని అతని వాదన. వాక్యములో మాట ఏ పని చేయుచున్నదో దానినిబట్టి అర్థము తేల్చవలెను.

అంగీ అడిగినవానికి పైవస్త్రము

ఇప్పుడు మత్తయి 5:40. తెలంగాణ పల్లెలలో అంగీ అనగా షర్టే. అంగీ లాగు అను జంటమాట అక్కడ పిల్లలు కూడ ఎరుగుదురు. షర్టు విప్పి ఇచ్చినవానికి బనియను, పంచె లేక ప్యాంటు మిగులును. ఆపైన పైవస్త్రము అనగానే భుజముమీద కండువా తలంపునకు వచ్చును. షర్టు పోయిన తరువాత కండువా ఇచ్చుటలో కష్టమేమున్నది? వినువారు ఇది ఉదారత్వమును గూర్చిన చిన్న సలహా అనుకొని ఇంటికి పోవుదురు.

ఖితోన్ ఒంటిని అంటియుండు లోపలి దుస్తు. హిమాటియోన్ దానిమీద చుట్టుకొను పెద్ద దుప్పటివంటి బట్ట; రాత్రి అదే కప్పుకొను దుప్పటి. బీదవానికి సాధారణముగా ఈ రెండే. పైవస్త్రమును కుదువ పెట్టుకొన్నవాడు సూర్యాస్తమయమునకు తిరిగి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను (నిర్గమ. 22:26-27, ద్వితీ. 24:12-13). సెప్టువజింతులో నిర్గమకాండపు ఆ మాట హిమాటియోనే. ఆజ్ఞ పాటింపబడలేదని ఆమోసు 2:8 సాక్ష్యమిచ్చుచున్నది. ఇశ్రాయేలులో మెసద్ హషవ్యాహు అను కోటలో 1960లో ఒక పెంకు దొరికినది. క్రీ.పూ. ఏడవ శతాబ్దములో ఒక కోతపనివాడు అధికారికి చేసికొన్న విన్నపము దానిమీద ఉన్నది. తాను కొలిచి ఇయ్యవలసిన పంట పూర్తిగా ఇచ్చితిననియు, అయినను పైవాడు తన బట్ట తీసికొని పోయెననియు, తోటి పనివారు తనకు సాక్షులనియు, దానిని తిరిగి ఇప్పించుమనియు అతని మొర. ప్రవక్తలు గద్దించినది ఊహలో ఉన్న అన్యాయమును కాదు.

చట్టము పైవస్త్రమును కాపాడెను గనుక మత్తయిలో వ్యాజ్యెము వేసిన అప్పులవాడు లోపలి దానిని అడుగుచున్నాడు. అప్పుపడినవాని యొద్ద ఇక మిగిలినది అదే. అప్పుడు ప్రభువు పైవస్త్రమును కూడ ఇచ్చివేయుమనెను. ఇచ్చినవాడు న్యాయస్థానములో దాదాపు దిగంబరుడై నిలుచును. ఇది అప్పులవానిని సిగ్గుపరచు ఎదిరింపు అని కొందరు వ్యాఖ్యాతలు, హక్కులను పూర్తిగా విడిచిపెట్టుట అని మరికొందరు చెప్పుదురు. నాకు రెండవది సందర్భమునకు దగ్గరగా తోచును; ముందు వెనుకల వచనములలో చెంప, మైలు విషయములోను ప్రభువు లెక్కకు మించి ఇచ్చుటనే చూపుచున్నాడు. ఏ పక్షము పట్టినను, ఇక్కడ ఉన్నది కండువా కాదు, ఒక బీదవాని చివరి బట్ట అని వినువారికి తెలియవలెను. వడ్డీ వ్యాపారి గుమ్మము ఎక్కిదిగు సంఘస్థులున్న మనకు ఇది దూరపు సంగతి కాదు.

లూకా 6:29లో క్రమము తలక్రిందులైనది. అక్కడ న్యాయస్థానము లేదు, దోచుకొనువాడున్నాడు. దొంగ చేతికి ముందు దొరకునది పైబట్ట, తరువాత అంగీ. తెలుగులో మత్తయిలో పైవస్త్రము, లూకాలో పైబట్ట అని ఉన్నను మూలములో రెండును హిమాటియోనే.

కలిగినవాడు రెండు ఖితోనులను ఒకదానిమీద ఒకటి వేసికొనెడివాడు. శిష్యులు అట్లు చేయకూడదని మార్కు 6:9లో ఉన్నది, బాప్తిస్మమిచ్చు యోహాను రెండున్నవానిని ఒకటి ఇమ్మనెను (లూకా 3:11). మార్కు 14:63లో ప్రధానయాజకుడు చింపుకొన్నవానిని మన బైబిలు వస్త్రములు అనినను, గ్రీకులో ఉన్నది ఖితోన్ అను మాటకు బహువచనమే.

అపొస్తలుల కార్యములు 9:39లో విధవరాండ్రు పేతురునకు చూపినవాటిని లూకా రెండు పేర్లతో చెప్పెను. అవి ఖితోనులు, హిమాటియాలు. మన తెలుగులో అంగీలు, వస్త్రములు. వస్త్రములు అను సాధారణమైన మాటలో రెండవ పేరు కరిగిపోయినది. దొర్కా పగటికి లోపలి దుస్తును, రాత్రికి కప్పుకొనుటకు పైదానిని కూడ కుట్టి ఇచ్చెను. విధవరాలి వస్త్రమును కుదువగా పట్టకూడదని ధర్మశాస్త్రములో ఆజ్ఞ ఉన్నది (ద్వితీ. 24:17). యొప్పేలో విధవరాండ్రకు ఆ వస్త్రమే లేకపోగా, ఆమె దానిని కుట్టి ఇచ్చెను.